ఇచ్చినవాళ్లు తిరిగి తీసుకోగలరా? - లాయరమ్మ జవాబులు

నాకు వచ్చే ఉత్తరాల్లో సగం పొలం గట్లవి, పావు వంతు విడాకులవి, మిగతావి చెక్కు బౌన్స్‌లవి. ఆగస్టు వస్తే మాత్రం స్వాతంత్ర్యం మీద నాలుగైదు వస్తాయి. ఈసారి మొత్తం ఏడు ఉత్తరాలు తీసుకున్నాను. వాటిలో రెండింట్లో ఆ మాటే లేదు గానీ, అడిగింది దాని గురించేనని నాకు అనిపించింది. నేను కోదాడ కోర్టులో నలభై రెండేళ్లుగా ప్లీడరీ చేస్తున్న మనిషిని, ప్రొఫెసర్ని కాను. జవాబులు కాగితాల చుట్టూ, వాయిదాల చుట్టూ తిరిగితే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, స్వాతంత్ర్యమా, స్వాతంత్రమా, స్వతంత్రమా? మా స్కూల్ బ్యానర్ మీద ఒకటి ఉంది, ఇన్విటేషన్‌లో ఇంకొకటి ఉంది. హెడ్‌మాస్టర్ గారికీ నాకూ గొడవైంది.
- టీచర్, మిర్యాలగూడ

జవాబు: స్వతంత్రంగా ఉండే గుణం స్వాతంత్ర్యం. 'స్వాతంత్రం' అన్నది ఫ్లెక్సీ షాపులో పుట్టిన పిల్ల. 'దేశానికి స్వతంత్రం వచ్చింది' అని ఊళ్లో అంటే దాన్ని దిద్దకండి, మా అమ్మ కూడా అలాగే అనేది.

మా నాన్నకు కాస్త సంస్కృతం వచ్చు. పాణిని సూత్రం ఒకటి చెప్పేవాడు, 'స్వతంత్రః కర్తా' అని. వాక్యంలో ఎవరు స్వతంత్రులో వాళ్లే కర్త. వ్యాకరణం నాకు అంటలేదు గానీ, కోర్టులో ఈ ఒక్క సూత్రం మాత్రం బాగా పనికొచ్చింది. ఒకామె వచ్చి 'నేను సంతకం పెట్టాను' అంటే ఒక రకం కేసు. 'నా చేత సంతకం పెట్టించారు' అంటే పూర్తిగా వేరే కేసు. మన భాషలో ఆ 'ఇంచు' ఎక్కడ పడిందో చూసుకుంటే చాలు, కథ సగం తెలిసిపోతుంది.

హెడ్‌మాస్టర్ గారితో గొడవ మానేయండి. బ్యానర్ ఎలాగూ ఆగస్టు 16న బియ్యం బస్తాల మీద కప్పేస్తారు.

ప్రశ్న: ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చాక మళ్లీ జనవరి 26 ఎందుకు? మా సూర్యాపేటకు సెప్టెంబర్ 17న వచ్చిందంటారు. అసలు మనకు స్వాతంత్ర్యం వచ్చింది ఏ రోజు?
- డిగ్రీ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: బాబూ, దీనికి మా అమ్మ కథ చెబితే తేలికగా అర్థమవుతుంది.

మా అమ్మ పుట్టిల్లు మునగాల పరగణా. పాత మ్యాపులో చూడు, చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో చెరువులో లంకలాగా మునగాల. అది ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలో, నందిగామ తాలూకాలో ఉండేది. (కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగా పనిచేసింది ఈ మునగాల సంస్థానంలోనే. మా వైపు వాళ్లం ఈ మాట సందు దొరికితే చెప్పుకుంటాం.) కాబట్టి 1947 ఆగస్టు 15న మా అమ్మ ఊళ్లో జెండా ఎగిరింది. అటు కోదాడలో గానీ, ఇటు మీ సూర్యాపేటలో గానీ అదే జెండా పట్టుకుంటే జైలు.

1948 ఫాల్గుణంలో అమ్మకు పెళ్లయింది. మెట్టినిల్లు నిజాం ఇలాకా. పుట్టింటికీ అత్తింటికీ దూరం బండి మీద ఒక పూట. మధ్యలో కరోడ్‌గిరి నాకా, అంటే నిజాం సుంకం వసూలు చేసే చోటు. అక్కడ పెళ్లిబండి ఆపి, అమ్మ ట్రంకుపెట్టె విప్పి, కొత్త చీరలు లెక్కపెట్టి సుంకం కట్టించుకున్నారట. తాతయ్య కల్దారు రూపాయలు, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయలు తీస్తే, నిజాం డబ్బు హాలీ సిక్కాలో లెక్క ఎంతో తేల్చడానికి ఇంకో అరగంట పట్టిందట. అలా పదహారేళ్ల పిల్ల స్వతంత్ర దేశంలో బండెక్కి, సాయంత్రానికి స్వతంత్రం లేని దేశంలో దిగింది. అమ్మ దీన్నే ఎప్పుడూ ఒకేలా చెప్పేది: 'నాకు స్వతంత్రం రెండుసార్లు వచ్చింది, మధ్యలో ఒకసారి పోయింది.' పోయిందన్నది నిజాం గురించో, పెళ్లి గురించో మేమెవ్వరం అడగలేదు.

రెండోసారి వచ్చింది 1948 సెప్టెంబర్ 17న. 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, అయిదో రోజుకు నిజాం లొంగిపోయాడు. ఆ రోజును ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు సమైక్యత అంటారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతోంది. నిజాంతో పోరాడినవాళ్లు, సైన్యం వచ్చాక నలిగిపోయినవాళ్లు, అడవుల్లో ఇంకా తుపాకీ పట్టుకుని ఉన్నవాళ్లు, ముగ్గురికీ ఆ రోజు ఒకటి కాదు. ఒకే పేరు పెట్టాలని చూస్తే గొడవ రాక ఏమవుతుంది?

ఇప్పుడు జనవరి 26 సంగతి. లాయర్‌గా నాకు దాని మీదే మనసు ఎక్కువ. 1947లో మనకు స్వాతంత్ర్యం ఇచ్చింది ఇంగ్లండ్ పార్లమెంట్ చేసిన చట్టం. దాని పేరు ఇండియన్ ఇండిపెండెన్స్ యాక్ట్, వాళ్ల రాజు 1947 జులై 18న దానికి ఆమోదం ఇచ్చాడు. ఆగస్టు 15 తర్వాత కూడా మనం డొమినియన్‌మే. ఆరో జార్జే మనకు రాజు, ఢిల్లీలో గవర్నర్ జనరల్ ఉండేవాడు. 1949 దాకా మన కేసుల్లో చివరి అప్పీలు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లేది. రాజు బొమ్మ లేని మన సొంత నాణేలు వచ్చింది 1950 ఆగస్టు 15న.

నా దగ్గరికి ఆస్తి కాగితం ఎవరు తెచ్చినా నేను ముందు చూసేది ఒకటే. ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడా? తీసుకోగలిగితే దాన్ని హక్కు అనను, అనుమతి అంటాను. మన రాజ్యాంగం రాసినవాళ్లు కూడా మంచి ప్లీడర్లు. వాళ్లు 395వ అధికరణంలో ఏం రాశారో చూడు: ఇండియన్ ఇండిపెండెన్స్ యాక్ట్‌ను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాం! స్వాతంత్ర్యం ఇచ్చిన కాగితాన్నే చించేశారు. పైగా ఆ రాజ్యాంగాన్ని ఏ రాజు సంతకానికీ పంపలేదు. 1949 నవంబర్ 26న తామే ఆమోదించుకున్నారు, 1950 జనవరి 26 నుంచి అమలు చేశారు. ఇక ఇచ్చినవాడు ఎవడూ లేడు, తీసుకునేవాడూ లేడు.

కాబట్టి సూర్యాపేటకు మూడు తేదీలూ కావాల్సిందే. పోటీ పరీక్షలో మాత్రం ఆగస్టు 15 అని రాయి, లేకపోతే మార్కులు పోతాయి. అన్నట్టు, మన యానాం వాళ్లను అడిగితే 1954 నవంబర్ 1 అంటారు. వాళ్లను వదిలివెళ్లింది ఫ్రెంచివాళ్లు.

ప్రశ్న: అమ్మా, నేను తాపీమేస్త్రీని. మా పార్టీ వాళ్లు టికెట్ డబ్బున్నవాళ్లకే ఇస్తున్నారు. ఈసారి అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నిలబడాలని ఉంది. గెలిస్తే తర్వాత అధికార పార్టీలోకి వెళ్లొచ్చా? అలా అయితేనే ఊరికి పనులవుతాయని మావాళ్లు అంటున్నారు.
- ఒక పాఠకుడు, హుజూర్‌నగర్

జవాబు: గెలవకముందే అమ్ముడుపోయే సంగతి అడిగారు చూడండి, మీకు రాజకీయం బాగానే అబ్బింది, తమ్ముడూ. కోప్పడకండి, మంచి ప్రశ్నే.

వెళ్లలేరు. రాజ్యాంగం పదో షెడ్యూలు, 1985లో వచ్చింది. పార్టీ టికెట్ మీద గెలిచినవాడు పార్టీ వదిలేస్తే సీటు పోతుందని అందరికీ తెలుసు. ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు ఏ పార్టీలో చేరినా సీటు పోతుందన్నది చాలామందికి తెలియదు. నామినేటెడ్ సభ్యులకైతే ఆరు నెలల గడువుంది, మీకు అది కూడా లేదు. ఎందుకంటే ఓటరు మిమ్మల్ని ఏ కండువా లేని మనిషిగా ఎన్నుకున్నాడు. ఆ స్వాతంత్ర్యం మీ సొంతం కాదు, ఓటరు అయిదేళ్లకు మీ దగ్గర దాచుకున్నది. బయటి నుంచి ప్రభుత్వానికి మద్దతు ఇవ్వొచ్చు, కండువా మాత్రం కప్పుకోకూడదు. తేల్చాల్సింది స్పీకరు. స్పీకరు ఎప్పుడు తేలుస్తారన్నది నన్ను అడక్కండి, నా బీపీ పెరుగుతుంది.

ఇక ఖర్చు, కాగితాలు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రపోజర్, అంటే పేరు ప్రతిపాదించే మనిషి చాలు. మీకు పది మంది కావాలి, పది మందీ మీ నియోజకవర్గంలో ఓటర్లే అయి ఉండాలి. డిపాజిట్ పది వేలు, ఎస్సీ, ఎస్టీలకు అయిదు వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు రాదు. గుర్తు కోసం ఖాళీ గుర్తుల జాబితాలోంచి మూడు రాసివ్వాలి. మెషీన్ మీద పేర్లు కూడా వరసలో ఉంటాయి, గుర్తింపు ఉన్న పార్టీలు ముందు, లేనివి తర్వాత, ఇండిపెండెంట్లు అందరికన్నా కింద. ఎన్నికల ఖర్చుకు నామినేషన్‌కు ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఇది మర్చిపోయి చాలామంది చివరి రోజు పరుగులు పెడతారు.

ఈ పది మంది ప్రపోజర్లు, ఈ వేల డిపాజిట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? మన నల్లగొండ చేసిన పనికి అందులో వాటా ఉంది! 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోతున్నాయని ఢిల్లీకి తెలియాలని, గెలవడానికి కాకుండా వినిపించడానికి వేసిన నామినేషన్లు అవి. అప్పుడు లోక్‌సభ డిపాజిట్ అయిదు వందలే. అదే ఏడు చట్టం మార్చి దాన్ని పది వేలు చేశారు, ప్రపోజర్ల నిబంధన పెట్టారు. ఇప్పుడది పాతిక వేలు. నీళ్ల కంటే ముందు డిపాజిట్ పెరిగిందన్నమాట.

అయినా మనవాళ్లు ఆగలేదు. 2019లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు. వాళ్లలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఒక్క రైతూ గెలవలేదు. పసుపు బోర్డు మాత్రం 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆ డిపాజిట్లు వృథా అయ్యాయని నేను అనను.

మీకు నా సలహా, ముందు సర్పంచ్‌గా ప్రయత్నించండి. పంచాయతీ ఎన్నికలు చట్టం ప్రకారం పార్టీ లేనివే, అక్కడ అందరూ ఇండిపెండెంట్లే. ఫలితం వచ్చిన సాయంత్రమే అందరి మెడలో ఏదో ఒక కండువా పడుతుంది, అది వేరే సంగతి.

ప్రశ్న: మా భాగం కేసు తీర్పు దగ్గరపడింది. మా బావమరిది తెలిసినాయన 'పైనుంచి జడ్జికి ఫోన్ చేయిస్తా, రెండు లక్షలు అవుతుంది' అంటున్నాడు. అవతలివాళ్లూ ఇలాంటిదే చేస్తున్నారేమో అని టెన్షన్. న్యాయవ్యవస్థ స్వతంత్రం అంటారు కదా, ఇదేమిటి?
- రైతు, జగ్గయ్యపేట

జవాబు: ఈ ఫోన్ వ్యాపారం ఎలా నడుస్తుందో చెబుతాను. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు కోర్టు బయట టీ బంకు దగ్గర ఇలాంటి మనిషి ఒకడుండేవాడు. వాదికి ఫోన్ చేయిస్తానని డబ్బు తీసుకునేవాడు, ప్రతివాది దగ్గరా తీసుకునేవాడు. ఎవరికీ ఫోన్ చేసేవాడు కాదు. తీర్పు ఎవరో ఒకరికి అనుకూలంగా రావాలి కదా? ఓడినవాడి డబ్బు నిజాయితీగా తిరిగి ఇచ్చేసి, 'జడ్జి మాట వినలేదు' అనేవాడు. గెలిచినవాడు ఊరంతా ఇతని గొప్ప చెప్పేవాడు. నా క్లయింటు ఒకాయన నా మాట వినక అతనికి ఇచ్చాడు. కేసు గెలిచాం. నా ఫీజులో బాకీ మాత్రం ఇప్పటికీ రాలేదు.

అందరు జడ్జీలూ పులుకడిగిన ముత్యాలని నేను చెప్పను. నలభై ఏళ్లలో అన్ని రకాలూ చూశాను. కానీ వాళ్ల చుట్టూ కట్టిన గోడ గట్టిది. హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల జీతం సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా నుంచి వస్తుంది, దాని మీద సభలో ఓటింగ్ ఉండదు. పదవిలో ఉండగా మామూలు రోజుల్లో తగ్గించడానికి లేదు. తీసేయాలంటే పార్లమెంట్ రెండు సభల్లో, హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి. మీ భాగం కేసు వినే కింది కోర్టు జడ్జి మీద అజమాయిషీ హైకోర్టుది, మంత్రిది కాదు.

గోడ ఎంత గట్టిదైనా లోపలున్న మనిషి గట్టిగా ఉండాలి. ఎమర్జెన్సీలో, 1976లో, అక్రమంగా పట్టి జైల్లో పెట్టినా కోర్టుకు వచ్చే హక్కు లేదని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు అన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రావాల్సింది, ఆయన్ని దాటేసి జూనియర్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశాడు. తర్వాత 44వ సవరణతో, ఎమర్జెన్సీలో కూడా ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ సంబంధించిన హక్కును ఆపడానికి వీల్లేకుండా చేశారు. మన రాజమండ్రి వాడు కోకా సుబ్బారావు కూడా గట్టి జడ్జే. కాకపోతే 1967లో ప్రధాన న్యాయమూర్తిగా ఉండగానే రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డాడు. తెలుగువాడైనా సరే, ఆ పని నాకు నచ్చలేదు. ఇలా అంటే మా బార్‌లో పెద్దలు ఇప్పటికీ నాతో తగువుకు వస్తారు.

రెండు లక్షలు ఇవ్వకండి. ఓడితే అప్పీలుకు పనికొస్తాయి.

ప్రశ్న: నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. కొట్టే మనిషి దగ్గర ఉండలేక పుట్టింటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆయన 'కాపురానికి రావాలి' అని కోర్టులో కేసు వేశాడు. కోర్టు నన్ను బలవంతంగా పంపుతుందా? పోలీసులు వచ్చి తీసుకెళ్తారా?
- పేరు వద్దు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఈ రాత్రికి నిద్రపోండి. ఏ పోలీసూ రాడు, ఏ కోర్టు అమీనా మీ చెయ్యి పట్టుకుని అక్కడ దించడు.

అది హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద వేసిన కేసు. సరైన కారణం లేకుండా విడిగా ఉంటున్నారని ఆయన వాదిస్తాడు. కొట్టడం కన్నా సరైన కారణం ఏం కావాలి? ఆసుపత్రి చీటీ, ఫోటో, పక్కింటివాళ్ల సాక్ష్యం, వాట్సాప్‌లో ఆయన పెట్టిన తిట్లు, ఏది ఉంటే అది దాచండి. ఆయన ఊరి కోర్టులో వేసి ఉంటే, మీ ఊరికి మార్చమని హైకోర్టును అడగొచ్చు. ఒకవేళ డిక్రీ వచ్చినా, దాన్ని అమలు చేసే దారి ఆస్తి జప్తు ఒక్కటే, మనిషిని జప్తు చేయడానికి లేదు. డిక్రీ తర్వాత ఏడాది దాకా కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. చాలామంది మగవాళ్లు ఈ కేసు వేసేది భార్య మీద ప్రేమతో కాదు, భరణం ఎగ్గొట్టడానికి. మీరు భరణం కేసు, గృహహింస కేసు ఆలస్యం చేయకుండా వేయండి. నోటీసు వచ్చాక వాయిదాకు వెళ్లకుండా మాత్రం ఉండొద్దు. వెళ్లకపోతే ఆయన చెప్పిందే నిజమైపోతుంది.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, 1983లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు ఈ 9వ సెక్షనే చెల్లదని కొట్టేశారు. సినిమా నటి సరిత కేసు అది. తన శరీరం మీద నిర్ణయం స్త్రీదే, రాజ్యం ఆమెను ఇష్టం లేని పడకకు నెట్టకూడదన్నది ఆ తీర్పు సారం. మా బార్ రూములో నలుగురు పెద్దలు దాన్ని చదివి నవ్వారు. నేను ఆ తీర్పు కాపీ తెప్పించుకుని చాలా రోజులు సంచిలో వేసుకుని తిరిగాను. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ తీర్పు సరికాదంది, సెక్షన్ మళ్లీ నిలబడింది. అందుకే ఇవాళ మీ చేతికి ఆ నోటీసు వచ్చింది. చౌదరి గారి మాటే నెగ్గే రోజు వస్తుందని నా ఆశ. మీరు అంతదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడున్న చట్టంతోనే బయటపడొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. హాస్టల్ వదిలి, స్నేహితురాలితో కలిసి ఫ్లాట్ తీసుకుంటుందట. 'ఇండిపెండెంట్‌గా ఉంటాను నాన్నా' అంటోంది. పెద్దలు 'న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి' అని ఊరికే అన్నారా? ఆపడానికి చట్టంలో ఏమైనా ఉందా? నేను ఆర్టీసీలో రిటైరయ్యాను. ఈమధ్యే అపార్ట్‌మెంట్ గొడవలు పడలేక ఇండిపెండెంట్ హౌస్ కట్టుకున్నాను.
- ఒక తండ్రి, నందిగామ

జవాబు: అన్నగారూ, మీ ఉత్తరంలో చివరి వాక్యం ఇంకోసారి చదువుకోండి. మెట్ల మీద ఎవరో చెప్పులు విడిచారని, నీళ్ల మోటారు ఎవరో ఆపారని రోజూ నలుగురితో మాట పడటం ఇష్టంలేక మీరు విడిగా ఇల్లు కట్టుకున్నారు. రాత్రి తొమ్మిదికి గేటు వేసే హాస్టల్లో అమ్మాయికి అవే బాధలు.

చట్టంలో ఏమీ లేదు. పద్దెనిమిది నిండాక ఎక్కడ ఉండాలో ఆమె ఇష్టం. మీరు చదివిన శ్లోకం మనుస్మృతిలోది. చిన్నప్పుడు తండ్రి, తర్వాత భర్త, ముసలితనంలో కొడుకు కాపాడతారని ముందు పాదాల్లో చెప్పి, చివర ఆ మాట అంటాడు. ఆ ముగ్గురి మీద మెయింటెనెన్స్ కేసులు వేయడమే నా వృత్తి, నాకు ఆ శ్లోకం మీద అంత నమ్మకం లేదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. అద్దె అగ్రిమెంటు స్నేహితురాలి పేరు మీద మాత్రమే కాకుండా మీ అమ్మాయి పేరు కూడా వేయించమనండి. అడ్వాన్స్ ఎవరిది ఎంతో అందులోనే రాయించండి. ఒకరోజు వెళ్లి మీరే గ్యాస్ స్టవ్ కొనిపెట్టి రండి. తాళంచెవి ఆమె ఇస్తే తీసుకోండి, మీరు అడగొద్దు.

ప్రశ్న: అమ్మా, నాకు అరవై ఆరేళ్లు. మా ఆయన పోయి మూడేళ్లు. ఇల్లు నా పేరు మీద ఉంది, ఆయనే నా పేరున కొన్నాడు. కొడుకు ఇల్లు తన పేరుకు రాసిమ్మంటున్నాడు, లోన్ వస్తుందట. కోడలు మంచిదే. వచ్చే గురువారం రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్దామని అన్నారు. 'దాన సెటిల్‌మెంట్' అంటే ఏమిటి? నాకు ఇల్లు పోతుందా?
- ఒక తల్లి, మధిర

జవాబు: పోతుందమ్మా. అందుకే మీ ఉత్తరం చివర పెట్టినా, జవాబు మాత్రం అందరికన్నా ముందు మీకు పోస్టులో పంపాను.

మీ పాత దస్తావేజు తీసి చూడండి. చివరి వైపు ఇలాంటి వాక్యం ఉంటుంది, 'దాన వినిమయ విక్రయాది సర్వస్వాతంత్ర్య హక్కులతో అనుభవించవలసినది' అని. స్వాతంత్ర్యం అంటే ఏమిటని అడిగేవాళ్లకు నేను చూపించే నిర్వచనం అదే. రాసింది కవీ కాదు, నాయకుడూ కాదు, స్టాంపు వెండర్ పక్కన బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి. ఇవ్వడం, మార్చుకోవడం, అమ్మడం, ఈ మూడూ ఎవర్నీ అడగకుండా చేయగలిగితే ఆస్తి మీది. ఇవాళ ఆ వాక్యంలో కర్త మీరు. గురువారం సంతకం అయ్యాక కర్త మీ అబ్బాయి.

ఆడవాళ్లకు ఆ వాక్యం దక్కడానికి ఎంత దూరం నడవాల్సి వచ్చిందో చెబుతాను, మీరు ఊరికే వదిలేయకుండా ఉండటానికి. మన ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన తులశమ్మ కేసు అని ఒకటుంది. ఆమె వితంతువు. భరణం కోసం కోర్టుకెక్కితే, 1949లో రాజీ చేసి కొంత ఆస్తి ఇచ్చారు. షరతు ఏమిటంటే బతికినన్నాళ్లు తినొచ్చు, అమ్మకూడదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దాని 14వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమాని. తర్వాత తులశమ్మ కొంత అమ్మితే, నీకా హక్కు లేదని భర్త తరఫువాళ్లు దావా వేశారు. అది తేలింది 1977లో. భరణం ఆమెకు ముందు నుంచీ ఉన్న హక్కు, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి మీద ఏ షరతు రాసినా 1956 తర్వాత ఆమెదే సర్వహక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. నేను లా చదివేటప్పుడు ఈ తీర్పు ఇంకా కొత్తది. అమ్మకు చదివి వినిపిస్తే, 'అమ్ముకోవడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టిందా పాపం' అంది.

మీకు ఆ నడక అవసరం లేదు, ఇల్లు ఇప్పటికే మీ పేరున ఉంది. దాన సెటిల్‌మెంట్ రిజిస్టరైతే, మీకు మనసు మారినంత మాత్రాన రద్దు కాదు. వీలునామా అలా కాదు, బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. కొడుక్కే ఇవ్వాలని ఉంటే వీలునామా రాయండి. లోన్ కోసమే అయితే బ్యాంకు వాళ్లనే కాగితం మీద అడగమనండి, ఎంత, ఎందుకు, ఎన్నేళ్లు అని. ఇల్లు తాకట్టు పెడితే వాయిదాలు తప్పినప్పుడు పోయేది మీ ఇల్లే, అది కూడా ఆలోచించుకోండి.

అంతా ఆలోచించాక కూడా రాసివ్వాలనే అనిపిస్తే రెండు మాటలు దస్తావేజులోనే ఉండాలి. ఒకటి, మీరు బతికినన్నాళ్లు ఆ ఇంట్లో ఉండే హక్కు మీదే అని. రెండు, మీ తిండి, మందులు, అవసరాలు చూసుకోవాలన్న షరతు మీదే ఇస్తున్నట్టు. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ అండ దొరకాలంటే ఆ రెండో షరతు ముఖ్యం. చూడకపోతే ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజు చెల్లదని అడగొచ్చు. నోటిమాటగా 'చూసుకుంటాం లేమ్మా' అన్నది అక్కడ నిలబడటం కష్టం.

కోడలు మంచిదని రాశారు, సంతోషం. ఆమెతో తగువు పెట్టుకోవద్దు, కొడుకును అనుమానిస్తున్నట్టూ మాట్లాడొద్దు. గురువారం ఒంట్లో బాగాలేదని చెప్పండి, మీ వయసుకు ఎవరూ కాదనరు. డ్రాఫ్టు కాపీ అడిగి తీసుకుని, మీ మనవడి చేత అన్ని పేజీలూ ఫోటో తీయించి ఈ పత్రిక ఆఫీసు నంబరుకు పంపండి, వాళ్లు నాకు అందిస్తారు. రెండో పేజీ వెనకవైపు కూడా తీయమనండి, షరతులు అక్కడే రాస్తారు.